మా పిల్లల హాజరుపట్టీలో మీ పత్తిచేను ఎందుకు?



సీడు పత్తి పూతకొచ్చిందంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఊళ్లల్లో రెండు పట్టీలు నడుస్తాయి. ఒకటి బడిలో మేం రాసే హాజరుపట్టీ. రెండోది చేను గట్టు మీద మేస్త్రీ రాసే కూలిపట్టీ. రెండింట్లోనూ పేర్లు అవే. మాదిగగేరి పేర్లు, మాలగేరి పేర్లు, బోయ పిల్లల పేర్లు, చాకలి పిల్లల పేర్లు. మా పట్టీలో రానట్టు గీత పడిన రోజున ఆ పట్టీలో వచ్చినట్టు గీత పడుతుంది. ఆ రెండో పట్టీలో రెడ్డి బిడ్డ పేరు, కరణం బిడ్డ పేరు ఇరవై ఏళ్ల నౌకరీలో నాకు ఒక్కటి కనపడలేదు.

ఈ రెండు పట్టీలకూ రాజీ కుదిర్చే పని చట్టం నెత్తినేసుకుంది. చదువుకునే పిల్లల్ని ఎన్ని గంటలు పనిలో పెట్టుకోవచ్చు, ఏ వేళప్పుడు పెట్టుకోవచ్చు, ఎవరు పెట్టుకోవచ్చు అని రూళ్లు రాశారు. ఆ రూళ్లు మాష్టర్లలో చాలామంది చదవలేదు. ఆసాములకు చదవాల్సిన పని లేదు. మనవాళ్లకు చదివి చెప్పినవాడు లేడు. అందుకని వాటిని ఇక్కడ ముడి విప్పి చెప్తాను. చెప్పేటప్పుడు నోరు ఊరుకోదు, సర్దుకోండి.

మొదట చట్టం ఏమందో చూద్దాం. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. అప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని జాబితాలో రాసిన కొన్ని ప్రమాదకరమైన పనుల్లోనే వద్దన్నారు. మిగతా పనుల్లో గంటలు చూసుకుని పెట్టుకోమన్నారు. ఆ తర్వాత విద్యాహక్కు చట్టం చేసి, ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ప్రతి బిడ్డా బడిలో ఉండాలన్నారు. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. బడిలో ఉండాల్సిన బిడ్డ పనిలో ఎట్లా ఉంటుందయ్యా అంటే జవాబు లేదు. ఆరేళ్లు నానబెట్టి 2016లో పాత చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోరాదు అని మొదటి వాక్యం రాశారు. మనం చప్పట్లు కొట్టేలోపలే రెండో వాక్యం రాశారు. బడి అయ్యాక గానీ, సెలవుల్లో గానీ బిడ్డ తన కుటుంబానికి, కుటుంబం చేసే వృత్తికి, వ్యాపారానికి సాయం చేయొచ్చు, ప్రమాదకరమైన పని కాకపోతే చాలు అన్నారు. సినిమాల్లో, టీవీల్లో నటించొచ్చు అన్నారు. ఇక పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండని వాళ్లకు ‘కౌమారులు’ అని కొత్త పేరు పెట్టి, గనుల్లాంటి, మందుగుండు లాంటి ప్రమాదకర పనులు తప్ప అన్నింట్లో కూలికి పెట్టుకోవచ్చు అన్నారు.

2017 జూన్‌లో దీనికి రూళ్లు వచ్చాయి. కుటుంబ సాయం రోజుకు మూడు గంటలు దాటగూడదు. బడి వేళలో వద్దు. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా వద్దు. బిడ్డ అలిసిపోయేట్టు పని చెప్పొద్దు. ఇంట్లో రాసుకునే బడిపనికి అడ్డం రావొద్దు. పెద్దవాళ్ల బదులు పిల్లల్ని పెట్టొద్దు. ముప్పై రోజులు వరసగా చెప్పాపెట్టకుండా బడికి రాకపోతే హెడ్మాష్టరు పై అధికారికి తెలియజేయాలి.

ఇంతవరకు చదివితే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. చదువుకున్న మన తమ్ముళ్లు కొందరు నాతోనే అన్నారు, “సారూ, మూడు గంటలు పనిచేస్తే ఏం పోతది, పని నేర్చుకుంటారు గదా” అని. సరే, ఆ మూడు గంటలు మన చేలల్లో ఎక్కడ ఇరుకుతాయో చూద్దాం రండి.

సీడు పత్తి అంటే ఏమిటో పట్నంలో రూళ్లు రాసేవాళ్లకు తెలియకపోవచ్చు. ఒక్కొక్క మొగ్గను చేత్తో ఒలిచి దాని పుప్పొడి భాగం తీసేయాలి. అది మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పని. తెల్లారి మగ పువ్వు తెచ్చి ఒలిచిన మొగ్గకు పుప్పొడి అద్దాలి. అది పొద్దున పూట పని, ఎండ ముదరక ముందే అయిపోవాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. ఈ రోజు ఒలిచిన మొగ్గకు రేపు అద్దకపోతే అది దండగ. నెలల తరబడి రోజూ ఇదే. ఆదివారం లేదు, ఆగస్టు పదిహేను లేదు. మరి బడి ఎప్పుడు? పొద్దున తొమ్మిదికి మొదలై సాయంత్రం నాలుగు దాటేదాకా. చట్టం ప్రకారం బిడ్డ చేతికి మిగిలేది పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది, సాయంత్రం బడి విడిచినప్పటి నుంచి ఏడు. పువ్వేమో బడి వేళలోనే అడుగుతుంది. కంపెనీ విత్తనమూ ప్రభుత్వ రూలూ ఒక్కచోట నిలబడితే గెలిచేది విత్తనమే గానీ రూలు కాదు.

ఆడపిల్లలే ఎందుకు అని అడిగితే వాళ్ల వేళ్లు సన్ననివి, వాళ్ల ఎత్తు చెట్టుకు సరిపోతుంది అంటారు. ఇది పచ్చి అబద్ధం. పెద్దవాళ్ల వేళ్లతో బంగారం పని అవుతుంది, మగ్గం మీద జరీ అవుతుంది, పత్తి మొగ్గ కాదా? అసలు సంగతి వేరే. ఆడపిల్లకు కూలి తక్కువ ఇవ్వొచ్చు. తల వంచుకుని చేస్తుంది. బీడీకని, టీకని గట్టు ఎక్కదు. కంపెనీ విత్తనానికి ఇచ్చే ధరలో పెద్ద మనిషి కూలి లెక్కగట్టి ఉంటే పిల్లను పిలవాల్సిన గరజు ఏ రైతుకూ లేదు. ధర కట్టేది కంపెనీ. ఆ ధరకు సీడు పండించే రైతును వెతికి బయానా ఇచ్చేవాడిని మా దగ్గర ‘ఆర్గనైజర్’ అంటారు. (మన సంఘాలు పల్లెలకు రాకముందే ఈ ఆర్గనైజర్లు వచ్చారు. వాళ్లు మనకంటే బాగానే ఆర్గనైజ్ చేశారు.) ఆర్గనైజర్ రైతును పిండుతాడు, రైతు కూలోళ్లను పిండుతాడు, ఆ పిండుడు కడగా వచ్చి తొమ్మిదో తరగతి పిల్ల వేళ్ల మీద ఆగుతుంది.

ఇక ‘కుటుంబం’ అన్న మాట చూడండి. ఇక్కడే ఉంది అసలు మెలిక. చట్టం ప్రకారం కుటుంబం అంటే అమ్మ, నాయన, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే కాదు. పెదనాయన, చిన్నాయన, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, చిన్నమ్మ అందరూ. కుటుంబ వ్యాపారం అంటే కుటుంబం ఒక్కటే చేసేది కూడా కాదట, వేరేవాళ్లను పెట్టుకుని చేసేదీ కుటుంబ వ్యాపారమేనట. ఇంత వెడల్పు తలుపు పెట్టి లోపలికి ఎవరు వస్తున్నారో చూసే నాథుణ్ణి మాత్రం పెట్టలేదు. చేనులో ఉన్న పిల్లను చూసి ఇన్‌స్పెక్టరు “ఎవరమ్మా నువ్వు” అంటే “మా మామ చేను సార్” అంటే అయిపోయింది. ఆ మామ మేనమామా, ఊళ్లో వరస కలిపి పిలిచే మామా ఎవరు తేల్చాలి? మన పల్లెల్లో ప్రతివాడూ ఎవరికో ఒకరికి మామే.

ఇంకో సంగతి జరిగింది, దీన్ని జాగ్రత్తగా గమనించండి. కూలి పిల్లల మీద కేసులు పడతాయన్న భయం పుట్టాక కొన్ని ఊళ్లల్లో పద్ధతి మార్చారు. మాదిగ కుటుంబానికే అరెకరమో ఎకరమో గుత్తకిచ్చి, ఆర్గనైజరు బయానా పోసి, సీడు వేయించడం మొదలుపెట్టారు. పేరుకు మనవాడు రైతయ్యాడు. పంట ధర వాడి చేతిలో లేదు, విత్తనం వాడిది కాదు, భూమి వాడిది కాదు. అప్పు మాత్రం వాడిదే. ఆ అప్పు తీర్చడానికి సొంత పిల్లల్ని బడి మాన్పిస్తాడు. ఇప్పుడు అది బాలకార్మికం కాదు, కుటుంబ సాయం! నిన్నటిదాకా దొర చేసిన నేరాన్ని ఇవాళ మన చేత్తో మనకే చేయించి, దాని మీద చట్టం ముద్ర కొట్టించారు. 1986 చట్టంలోనూ కుటుంబం పేరుతో చిన్న సందు ఉండింది. 2016లో ఆ సందును బండి పట్టే దారి చేశారు.

2015లో ఈ సవరణకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నప్పుడు చెప్పిన కారణం ఏమిటో గుర్తుందా? సేద్యంలో, చేతిపనుల్లో తల్లిదండ్రులకు సాయం చేస్తూ పిల్లలు ఆ వృత్తుల ఓనమాలు నేర్చుకుంటారని, చదువుకూ దేశంలోని సాంఘిక స్థితిగతులకూ పొంతన చూడాలని అన్నారు. ఏమిటయ్యా ఆ సాంఘిక స్థితి? డాక్టరు కొడుకు బడి విడిచాక ఆపరేషన్ గదిలోకి సాయానికి పోతాడా? కలెక్టరు బిడ్డ సాయంత్రం ఏడు దాకా ఫైళ్లు రాసిపెడుతుందా? పోరు. వాళ్ల వృత్తి నేర్చుకోవడానికి కాలేజీలు ఉన్నాయి, కోచింగులు ఉన్నాయి. తండ్రి చేతికింద నేర్చుకోవాల్సిన వృత్తులు ఏవంటే తోలు పని, పాకీ పని, చాకిరేవు, గొర్రెల మంద, మగ్గం, కమ్మరి కొలిమి, కూలి. వృత్తి నేర్చుకోవడం అని గౌరవంగా చెప్పేది కులం నేర్చుకోవడమే.

ఇది కొత్త ఆలోచన అనుకునేరు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీ పల్లె బడులకు ఒక పథకం పెట్టాడు. బడి రోజుకు మూడు గంటలే. మిగతా పూట పిల్లలు తండ్రి వృత్తి నేర్చుకోవాలి, ఆడపిల్లలు తల్లి దగ్గర ఇంటిపని నేర్చుకోవాలి. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ మద్రాసు రాష్ట్రంలోవే. పెరియార్ దాన్ని కులవిద్య అని పేరు పెట్టి వీధుల్లో నిలబెట్టాడు. రాష్ట్రం భగ్గుమంది. 1954లో రాజాజీ గద్దె దిగాల్సి వచ్చింది, తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తిపారేశాడు. రాజాజీ మూడు గంటలు బడి అన్నాడు, వీళ్లు మూడు గంటలు పని అంటున్నారు, తేడా లేదా అని వాదించేవాళ్లు ఉన్నారు. తేడా ఉంది. రాజాజీ ఆ మాట బహిరంగంగా అన్నాడు కాబట్టి జనం బహిరంగంగా తిరగబడ్డారు. ఇప్పుడు చట్టం మధ్యలో ఒక ఉపవాక్యంగా పెట్టారు, తిరగబడేవాడు లేడు. పెరియార్ లేడు సరే, మనం ఎక్కడున్నాం?

ముప్పై రోజుల రూలు గురించి మాష్టరుగా ఒక మాట చెప్పాలి. వరసగా ముప్పై రోజులు రాకపోతేనే నేను పైకి రాయాలట. అంటే ఇరవైతొమ్మిది రోజులు చేనుకు పోయి ముప్పయ్యో రోజు ఒక పూట బడిలో మొహం చూపిస్తే రూలు తెగదు. మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఇట్లా ఏడాదిలో పన్నెండు రోజులు బడికొచ్చినా కాగితం మీద అంతా సవ్యమే. మేస్త్రీలకు ఈ లెక్క మా కంటే బాగా తెలుసు. కర్నూలు పడమటి పల్లెల నుంచి సుగ్గికి పోయే కుటుంబాల సంగతి ఇంకా ఘోరం. కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిరపకోతలకు, పత్తి ఏరడానికి గుంటూరు వైపు పోతారు. పిల్లలూ మూటల్తో పాటే లారీ ఎక్కుతారు. మిరప కోతలు సరిగ్గా పరీక్షల ముందు నెలల్లో పడతాయి. వాళ్ల విషయంలో ‘చెప్పాపెట్టకుండా’ అన్న మాట కూడా పనికిరాదు, ఎందుకంటే చెప్పే పోతారు. “సారూ, సుగ్గికి పోతాండం” అని చెప్పి పోతారు. చెప్పి పోయారు గనుక రూలు అక్కడా తెగదు!

పద్నాలుగు దాటిన పిల్లల సంగతికి వద్దాం. మనవాళ్లు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఎనిమిదో తరగతి అయ్యేసరికి విద్యాహక్కు చట్టం చెయ్యి వదిలేస్తుంది. తొమ్మిది, పది, ఇంటరు చదివే పిల్లలకు ‘కౌమారుల’ రూళ్లు. ఏమిటవి? వేచి ఉండే వేళా, మధ్యలో విరామమూ కలిపి రోజుకు ఆరు గంటలు మించగూడదు. వరసగా మూడు గంటలు చేశాక గంట విరామం ఇవ్వాలి. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని చేయించగూడదు. ఓవర్‌టైం లేదు. ఒకే రోజు రెండు చోట్ల పెట్టగూడదు. వారానికి ఒక రోజు సెలవు. యజమాని ముప్పై రోజుల్లో ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, రిజిస్టరు పెట్టాలి. చట్టంలో దుకాణం, హోటలు, వర్క్‌షాపుతో పాటు ‘పొలం’ అన్న మాట కూడా ఉంది. పొలానికి చట్టం వర్తించదు అని ఎవడన్నా అంటే నమ్మొద్దు.

ఇవి 1986లో చిన్నపిల్లల కోసం రాసిన గంటలే. 2016లో ‘పిల్లలు’ అన్న మాట కొట్టేసి ‘కౌమారులు’ అని పెట్టారు, అంతే. ఇందులో ‘బడి’ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. బడి రోజుల్లో ఎన్ని గంటలు, పరీక్షల నెలలో ఎన్ని గంటలు, బడి నుంచి మాన్పించి పెట్టుకుంటే ఏం శిక్ష, ఏమీ లేదు. పదో తరగతి పిల్లవాణ్ణి పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా మెకానిక్ షెడ్డులో ఉంచుకుంటే ఈ రూళ్ల ప్రకారం తప్పు లేదు. అదే పిల్లవాడు బడికి పోయి వచ్చి రాత్రి ఎనిమిది దాకా షెడ్డులో ఉంటే తప్పు. చదువు మానినవాడికి చట్టం అనుకూలం, చదువుతూ పనిచేసేవాడికి వ్యతిరేకం. ఎవరు రాశారయ్యా ఈ తెలివైన చట్టం?

ఫంక్షన్ హాళ్లకు పోయి చూడండి. కోటు తొడిగి, చేతులకు గ్లౌజులు వేసి బిర్యానీ వడ్డించే కుర్రాళ్లలో సగానికి సగం మన హాస్టలు పిల్లలే అని అనిపిస్తుంది. ఇంటరు వాళ్లు, డిగ్రీ వాళ్లు. ఏ రిసెప్షనన్నా సాయంత్రం ఏడు గంటలకు అయిపోతుందా? మొదలయ్యేదే ఎనిమిదికి. పన్నెండు దాటాక ఎంగిలి విస్తళ్లు ఎత్తి, ఆఖరి బస్సు లేక మెట్ల మీద పడుకుని, తెల్లారి కాలేజీకి పోతారు. పోయి నిద్రపోతారు. లెక్చరరు ‘రిజర్వేషన్ బ్యాచ్’ అని నవ్వుతాడు. స్కాలర్‌షిప్పు వేళకు పడితే వాడు ఆ కోటు ఎందుకు తొడుగుతాడు? వైస్రాయి కౌన్సిల్‌లో ఉండగా అంబేద్కర్ పట్టుబట్టి సాధించిన నిధితో 1944లో మన పిల్లలకు కాలేజీ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. చదువుకునేవాడికి చదువే పని కావాలని ఆయన అనుకున్నాడు. ఆ స్కాలర్‌షిప్పును బకాయి పెట్టే ప్రతి ప్రభుత్వమూ, అది ఏ పార్టీదైనా కానీ, మన పిల్లల్ని క్యాటరింగుకు సప్లై చేసే మేస్త్రీనే.

సినిమాల్లో నటించే బిడ్డకు ఎన్ని జాగ్రత్తలు తీశారో చూశారా? జిల్లా కలెక్టరు అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలు మించగూడదు, వరసగా ఇరవై ఏడు రోజులు మించగూడదు. చదువు ఆగకుండా ఏర్పాటు చేయాలి. ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. సంపాదనలో కనీసం ఇరవై శాతం బిడ్డ పేరున బ్యాంకులో డిపాజిట్ చేయాలి. మంచిదే, ఆ పిల్లలూ పిల్లలే. కానీ చేనులో మొగ్గ ఒలిచే పిల్లకు ఏ కలెక్టరు అనుమతి? ఆమె కూలిలో ఎంత శాతం ఆమె పేరున? ఆమెకెవరు బాధ్యుడు? మేస్త్రీయా?

సుప్రీంకోర్టు మాట కూడా చెప్పకపోతే కథ పూర్తి కాదు. శివకాశి పిల్లల గురించి ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరు 10న తీర్పు వచ్చింది. మానవహక్కుల దినం అది. ప్రమాదకర పనుల్లో పెట్టిన ఒక్కో బిడ్డకు యజమాని 20,000 రూపాయలు కట్టాలంది, ఆ ఇంట్లో పెద్దవాళ్లకు పని చూపించే బాధ్యత ప్రభుత్వానిదంది. ఈ భాగం బంగారం లాంటిది, మనం సరిగ్గా వాడుకోలేదు. అదే తీర్పు ప్రమాదం లేని పనుల దగ్గరికొచ్చేసరికి, పని నాలుగు నుంచి ఆరు గంటలు మించకుండా, చదువు రోజుకు కనీసం రెండు గంటలైనా ఉండేట్టు చూడమంది, ఖర్చు యజమాని పెట్టుకోవాలంది. ఆరు గంటల పని, రెండు గంటల చదువు. ఇందులో పార్ట్‌టైం ఏది, ఫుల్‌టైం ఏది మీరే చెప్పండి.

అమెరికాలో పిల్లలు పనిచేస్తూ చదువుకుంటారు కదా అని పట్నపు మేధావి ఒకాయన ఎప్పుడూ తెస్తాడు. తెచ్చాడు కాబట్టి చూద్దాం. 1938 నాటి చట్టం కింద అక్కడ పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు బడి ఉన్న రోజు మూడు గంటలు, బడి నడిచే వారంలో పద్దెనిమిది గంటలు మించి చేయరాదు. బడి నడిచే నెలల్లో సాయంత్రం ఏడు దాటరాదు. గంటల్ని బడికి ముడిపెట్టి రాశారు, మనవాళ్లకు రాని బుద్ధి అది. కానీ అదే చట్టంలో పొలం పనిని వేరుగా పెట్టారు. పన్నెండేళ్ల బిడ్డ కూడా తల్లిదండ్రులు ఒప్పుకుంటే బడి లేని వేళ పొలంలో చేయొచ్చు. 1938లో ఆ దేశం దక్షిణాన పత్తి పొలాల్లో ఎవరున్నారు? నల్లవాళ్లు. అక్కడా పత్తే, ఇక్కడా పత్తే. చట్టానికి కన్నం పడేది ఎప్పుడూ ఎవరి గుడిసె వైపో తెలుస్తూనే ఉంది.

ఇక మన ఇంట్లోకి వద్దాం. “పిల్లలు చేయకపోతే తినేదెట్లా సారూ” అనే తల్లి మీద నాకు కోపం లేదు. అమ్మకు బిందె నీళ్లు తెచ్చివ్వడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం, సెలవుల్లో నాయన వెంట చేనుకు పోయి రావడం ఎవరూ వద్దనడం లేదు. బయానాకు కట్టుబడి పోయేది, ఒకరి లాభం కోసం పోయేది, బడి మాని పోయేది, అది సాయం కాదు, జీతం. కానీ ఆ తల్లి మాటను తీసుకుని వాదించే పెద్దమనుషులకు ఒక ప్రశ్న. పిల్ల చౌకగా దొరుకుతున్నంతకాలం తల్లి కూలి పెరుగుతుందా? పిల్లలు చేలల్లోంచి బయటికొస్తే ఆ పని చేయడానికి పెద్దవాళ్లే కావాలి, పెద్దవాళ్ల కూలే ఇవ్వాలి. పిల్లల పని పేదరికాన్ని తీర్చేది కాదు, దాన్ని నిలబెట్టేది. తల్లిదండ్రులు పంపరు అన్నది కూడా అబద్ధమే. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు 1991 నుంచి క్యాంపులు పెట్టి పని పిల్లల్ని బడికి తెస్తే కూలి తల్లిదండ్రులే పంపారు. స్వచ్ఛంద సంస్థల మీద మనకు ఎన్ని తగాదాలైనా ఉండనీ, ఆ నిజాన్ని కాదనలేం.

రెండో మాట చేదుగా ఉంటుంది. రిజర్వేషన్‌లో ఉద్యోగం వచ్చి పట్నంలో ఇల్లు కట్టుకున్న మనవాళ్లు కొందరు ఊరినుంచి అక్క కూతుర్నో, దాయాది బిడ్డనో తెచ్చుకుంటారు. చదివిస్తామని తెస్తారు. అంట్లు తోమించి, పసిబిడ్డను ఎత్తించి, బడికి ఎప్పుడో ఒకప్పుడు పంపుతారు. “మా ఇంటి పిల్లే” అంటారు. ‘కుటుంబ సాయం’ అన్న చట్టపు మాటను ఆసామి ఎట్లా వాడుకున్నాడో వీళ్లూ అట్లాగే వాడుకున్నారు. ఇళ్లల్లో, హోటళ్లలో చిన్నపిల్లల్ని పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. గోడ మీద బాబాసాహెబ్ పటం పెట్టుకుని, ఆ పటం కింద తొమ్మిదేళ్ల పిల్ల చేత ఇల్లు తుడిపిస్తే మన సభల్లో వాళ్లకు వేదిక మీద కుర్చీ వేయొద్దు. ఈ మాటకు కోపం వచ్చేవాళ్లు ఉంటే రానివ్వండి.

మన డిమాండు సూటిగా ఉండాలి. కుటుంబ సాయం అన్న మినహాయింపు తీసేయాలి. బడి నడిచే నెలల్లో పద్దెనిమిదేళ్లు నిండేదాకా కూలిపని ఉండగూడదు, చదువు పన్నెండో తరగతి దాకా హక్కు కావాలి. అది సాధించేదాకా, ముప్పై రోజుల రూలు తీసేసి వారం రోజులు బిడ్డ రాకపోతే అడిగే బాధ్యత పెట్టాలి. సీడు కంపెనీ ఏ చేనులో విత్తనం వేయిస్తుందో ఆ చేనులో దొరికిన బిడ్డకు కంపెనీనే జవాబు చెప్పాలి, చిన్న రైతును బలిపెట్టి తప్పుకుంటే కుదరదు. స్కాలర్‌షిప్పు నెలనెలా పడాలి.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. ఉన్న చట్టంలో పళ్లు ఉన్నాయి. పద్నాలుగు లోపు బిడ్డను పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు ఇవ్వడానికి ఇన్‌స్పెక్టరే కానక్కర్లేదు, ఎవరైనా ఇవ్వొచ్చు. జరిమానా డబ్బు, దాని మీద ప్రభుత్వం ఒక్కో బిడ్డకు వేసే 15,000 బిడ్డ పేరున జమ కావాలి, అయిందో లేదో అడగండి. బయానా ఇచ్చి కట్టిపడేసినా, కూలి బిగబట్టినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్ ఉంది. అది పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది, ఐదేళ్ల దాకా జైలు. మన బిడ్డ చేత వెట్టి చేయిస్తే అట్రాసిటీ చట్టం 3(1)(హెచ్) ఉంది. ఫిర్యాదులో ఈ సెక్షన్లు పేరుపెట్టి రాయండి, “పిల్లలు పనిచేస్తున్నారు, తగు చర్య తీసుకోగలరు” అని దండం పెట్టి రాయొద్దు. కేసు పెట్టేటప్పుడు పేద తల్లిదండ్రుల్ని ముందుకు తోసి, యజమానిని వెనక దాచే ఎత్తు వేస్తారు. మొదటిసారి తల్లిదండ్రులకు శిక్ష లేదని చట్టమే చెప్తుంది, ఆ మాట పల్లెలో అందరికీ తెలియాలి. తెలియక భయపడే చాలామంది నోరు విప్పరు.

ఊరికి ఇద్దరు చాలు. బడులు తెరిచే జూన్‌లో బడిపట్టీ నుంచి మన గేరి పిల్లల పేర్లు రాసుకోండి. ఆగస్టు నుంచి ప్రతి శనివారం సాయంత్రం ఎవరు ఎన్ని రోజులు రాలేదో మాష్టరును అడిగి ఎదురుగా రాయండి. చెప్పని మాష్టరు ఉంటే బడి యాజమాన్య కమిటీలో ఉన్న తల్లుల్ని తీసుకుని పోయి అడగండి, ఆ కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టంలో ఉంది. ఏ చేను, ఎవరి చేను, ఏ ఆర్గనైజరు, ఎంత బయానా అన్నది పక్కన రాయండి. నకలు ఒకటి తహశీల్దారుకు, ఒకటి కార్మిక శాఖకు ఇచ్చి ముట్టినట్టు సంతకం పెట్టించుకోండి. మూడోది మన పత్రికకు పంపండి, ఊరి పేరు, చేను పేరు వేస్తాం, పిల్లల పేర్లు వేయం.